ఉడుతల వేటకు మందు కూరే రైఫిల్: 32, 36, 40 కాలిబర్లలో ఏది కొనాలి?

మిస్సోరిలో ఉడుతల సీజన్ మే నెలాఖర్లో మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. జింకల సీజన్‌లా కొద్ది రోజుల హడావుడి ఉండదు. శనివారం పొద్దున్నే లేచి ఓజార్క్ కొండల్లో హికరీ చెట్ల కింద రెండు గంటలు కూర్చుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. సెయింట్ లూయిస్ వైపు ఉండే మన తెలుగు మిత్రుల్లో కొందరు ఈ మధ్య ఇటువైపు ఆసక్తి చూపిస్తున్నారు. ట్వెంటీటూ అనే చిన్న తూటా రైఫిల్‌తో మొదలుపెట్టినవాళ్లు రెండో ఏడాదికి మూతి నుంచి మందు కూరే పాత పద్ధతి రైఫిల్ గురించి అడుగుతారు. చిన్న కాలిబర్లో, అంటే సన్న గొట్టం ఉన్నవాటిలో, ఏది తీసుకోవాలి అన్నదే అందరి ప్రశ్న.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదటిసారి కొంటుంటే 36 కాలిబర్, పెర్కషన్ లాక్, అంటే చిన్న రాగి టోపీ (క్యాప్) పెట్టి పేల్చే రకం. చాలామంది 32 వైపు మొగ్గుతారు, నేనూ అలాగే మొగ్గాను. మందు తక్కువ, సీసం తక్కువ, చప్పుడు తక్కువ అని. అవన్నీ నిజమే. కానీ చిన్న బోరులో, అంటే సన్న గొట్టంలో, మిగిలే డబ్బుకు శుభ్రం చేయడంలో మూల్యం చెల్లించాలి. గొట్టం ఎంత సన్నమైతే మసి అంత తొందరగా దాన్ని ఇరుకు చేస్తుంది. కాబట్టి గుండు వేగం, దూరం లెక్కలుండే బాలిస్టిక్ టేబుళ్లు చూసి కాదు, అడవిలో నాలుగో గుండు కూరేటప్పుడు మీ చేతులకు ఎంత ఓపిక ఉంటుందో చూసి కాలిబర్ ఎంచుకోవాలి.

ఇంకో మాట. ఇదంతా అమెరికా సంగతి. మన ఊళ్లలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అక్కడ వేట నేరం. ఇక్కడ కూడా వీసా మీద ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మామూలు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మూతి నుంచి కూరే బ్లాక్ పౌడర్ (పాతకాలపు తుపాకీ మందు) రైఫిళ్లలో చాలావాటిని అదే చట్టం మామూలు ఫైరార్మ్ లెక్కలోకి తీసుకోదు. అయితే రాష్ట్రాల రూల్స్ వేరు, నది దాటి ఇల్లినాయ్‌లోకి వెళ్తే కథ మారిపోతుంది. గ్రీన్ కార్డు ఫైలు నడుస్తుంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడిగాకే కొనండి. మిస్సోరిలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి.

మూడు కాలిబర్లు, మూడు గుండ్లు

32 కాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో నూటికి 32 వంతులు, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. గుండు అంతకన్నా కాస్త చిన్నగా ఉంటుంది. చుట్టూ నూనె పట్టించిన గుడ్డముక్క, అంటే ప్యాచ్, ఆ ఖాళీని నింపుతుంది. 32కి వాడే .310 (వ్యాసం, అంగుళాల్లో) సీసం గుండు బరువు సుమారు 45 గ్రెయిన్లు. 36కి వాడే .350 గుండు 65 గ్రెయిన్లు. 40కి వాడే .390 గుండు 90కి దగ్గర. పౌండుకు 7,000 గ్రెయిన్లు. కాబట్టి ఒక పౌండు సీసంతో 32కి 155 గుండ్లు, 36కి 107, 40కి 78 పోసుకోవచ్చు.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మనం గ్రాములతో పెరిగినవాళ్లం. గ్రెయిన్ వేరు, గ్రాము వేరు. ఒక గ్రాములో పదిహేను గ్రెయిన్లకు పైనే ఉంటాయి. వంటింటి డిజిటల్ తక్కెడ మీద 20 చూసి మందు తూచితే అది 300 గ్రెయిన్లు దాటుతుంది. అలాంటి పొరపాటు చేయి తీసేస్తుంది, ప్రాణం తీసేస్తుంది. బ్లాక్ పౌడర్‌ను తూకంతో కాదు, గ్రెయిన్ గుర్తులున్న ఇత్తడి కొలగొట్టంతో కొలవడం అలవాటు చేసుకోండి. మామూలు తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ ఈ తుపాకుల్లో ఒక్క చిటికెడు కూడా పోయకూడదు.

32లో మూడు ఎఫ్‌ల (సన్న పొడి రకం) బ్లాక్ పౌడర్ 15 నుంచి 20 గ్రెయిన్లు ఉడుతకు సరిపోతుంది. 20 చొప్పున వాడినా పౌండు మందు 350 షాట్లు వస్తుంది. 36లో నేను 20తో మొదలుపెట్టి 25 దగ్గర ఆగాను. 40కి 30 అటూ ఇటూ. మీ తుపాకీతో వచ్చిన మాన్యువల్లో రాసిన హద్దు దాటొద్దు, ఆ హద్దు లోపల కిందినుంచి పైకి ఐదేసి గ్రెయిన్ల చొప్పున పెంచుతూ కాగితం మీద రంధ్రాలన్నీ ఏ లోడుకు దగ్గరదగ్గరగా పడతాయో చూడండి.

దూరం సంగతి చూస్తే, ఆకులు నిండుగా ఉన్న జూన్ అడవిలో ఉడుత కనబడేదే 20, 25 గజాల్లో. అక్కడ మూడింటికీ తేడా లేదు. ఆకులు రాలాక నవంబరులో 40 గజాల షాట్లు వస్తాయి, కొండ మీద గాలి ఉంటుంది. 45 గ్రెయిన్ల చిన్న గుండును గాలి ఇట్టే పక్కకు తోసేస్తుంది. 36 కొంచెం నిలబడుతుంది, 40 బాగా నిలబడుతుంది. మీరు వేటతో పాటు క్లబ్బుల్లో టార్గెట్ పోటీలకు కూడా వెళ్లాలనుకుంటే 40 తీసుకోండి. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ మైదానం ఉంది. మన దగ్గర్నుంచి ఒక రోజు డ్రైవ్. అక్కడ కాగితం మీద గుండు చేసే రంధ్రం పెద్దదైతే ఎక్కువ పాయింట్ల గీత తగిలే అవకాశం ఎక్కువ.

మాంసం విషయంలో 40 కొంచెం కష్టం. తలకు తగిలితే ఏ కాలిబరైనా ఒకటే. భుజానికి తగిలితే 40 సగం ఉడుతను పాడుచేస్తుంది. 45 గురించి అడగనే వద్దు, 128 గ్రెయిన్ల గుండు అది, అసలు పుట్టింది జింకలకు. ఇక 32, 36లతో జింకను కొట్టాలని ఎవరూ అనుకోకూడదు. చాలా రాష్ట్రాల్లో చట్టమే ఒప్పుకోదు, ఒప్పుకున్నా అది జంతువును హింసించడమే.

కుందేలు వేరే లెక్క. కాటన్‌టెయిల్ కుందేలు పొదలోంచి లేచి పరుగెత్తుతుంది. దాని వెనక రైఫిల్ గుండు పంపడం తెలివైన పని కాదు, ప్రమాదం కూడా. కుందేళ్లే మీ ముఖ్యమైన వేటైతే మందు కూరే షాట్‌గన్ చూడండి. ఈ వ్యాసంలో చెప్పే రైఫిళ్లు కదలకుండా కూర్చున్న వేటకే.

నా మొదటి 32, విరిగిన కడ్డీ

నేను మొదట కొన్నది 32. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, తప్పు తుపాకీది కాదు. ఆగస్టు నెల, ఉక్క. మూడు షాట్లు చక్కగా కూరుకున్నాయి. నాలుగోది బిగుతుగా అనిపించినా తోశాను. ఐదో గుండు గొట్టం సగంలో ఆగిపోయింది. చేతిలో ఉన్నది సన్నటి చెక్క కడ్డీ, ఇక్కడ ర్యామ్‌రాడ్ అంటారు. 32 గొట్టంలోకి దూరాలంటే అది పెన్సిలంత సన్నగా ఉండాలి మరి. రెండు చేతులతో గట్టిగా నొక్కగానే ఏటవాలుగా విరిగింది. విరిగిన మొన అరచేతిలో అర అంగుళం దిగింది. ఒంటి చేత్తో స్టీరింగ్ పట్టుకుని గంటన్నర డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

అంతకన్నా ప్రమాదకరమైనది నేను అప్పుడు చేయకుండా ఆగిన పని. సగంలో ఇరుక్కున్న గుండును అలాగే పేల్చేస్తే పోతుంది కదా అనిపించింది. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉండగా పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. గుండు ఎప్పుడూ మందు మీద ఆనుకునే ఉండాలి. అందుకే ఇప్పుడు నా కడ్డీ మీద రెండు గాట్లు ఉన్నాయి. ఒకటి ఖాళీ గొట్టానికి, రెండోది నా మామూలు లోడుకి. ప్రతిసారీ ఆ రెండో గాటు మూతి దగ్గరకు వచ్చిందా అని చూశాకే క్యాప్ పెడతాను.

ఆ రోజు నేను చేయాల్సింది చాలా చిన్నపని. రెండేసి షాట్లకు ఒకసారి తడి గుడ్డముక్కతో గొట్టం తుడవడం. 32లో కొన్ని రోజుల్లో అది ప్రతి షాటుకూ చేయాల్సి రావచ్చు. 36లో మూడు నాలుగు షాట్లు నిశ్చింతగా కూరుకోవచ్చు, 40లో ఇంకా ఎక్కువ. వేటలో పొద్దున పూట మీరు పేల్చేది నాలుగైదు సార్లే అనుకోండి, ఆ ఒక్క తేడా చాలు. 36 కడ్డీ కూడా కాస్త లావు, అంత సులువుగా విరగదు. రేంజ్‌లో మాత్రం చెక్క కడ్డీ పక్కన పెట్టి, గొట్టం మూతి అరగకుండా కాపాడే ప్లాస్టిక్ బిళ్లతో వచ్చే స్టీలు కడ్డీ వాడండి.

ఇన్ని చెప్పినా 32ని కొట్టిపారేయను. రేంజ్‌లోనే ఎక్కువ పేల్చేవాళ్లకు, పిల్లలకు నేర్పేవాళ్లకు, మందు దొరకడం కష్టమైన చోట ఉండేవాళ్లకు అది మంచి తుపాకీ. కుదుపు దాదాపు ఉండదు. తుడిచే ఓపిక ఉన్న మనిషి చేతిలో అది ఎప్పుడూ మొరాయించదు.

పెర్కషనా, ఫ్లింటా

పెర్కషన్ లాక్‌లో గొట్టం వెనక ఉండే నిప్పిల్ అనే చిన్న బొడిపె మీద చిన్న రాగి టోపీ పెడతాం, సుత్తి దాన్ని కొట్టగానే నిప్పు లోపలికి పోతుంది. ఫ్లింట్‌లాక్‌లో చెకుముకి రాయి ఉక్కు పలకను గీరితే రవ్వలు పడి, బయట పళ్లెంలోని సన్న మందు అంటుకుని, పక్క రంధ్రంలోంచి లోపలికి పాకుతుంది. సరిగ్గా ట్యూన్ చేసిన ఫ్లింట్ చాలా వేగంగా పేలుతుంది, అయినా ట్రిగ్గర్ నొక్కాక ఇంకా కాసేపు కదలకుండా ఉండడం నేర్చుకోవాలి. నాణెమంత ఉడుత తల మీద అది తేలిక కాదు.

ఇంకా ఫ్లింట్‌కు అసలైన బ్లాక్ పౌడరే కావాలి. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు ఫ్లింట్ రవ్వకు సరిగ్గా అంటుకోవు. పెర్కషన్‌కు ఆ ఇబ్బంది లేదు. దానికున్న ఇబ్బంది క్యాప్‌లు. 2020 తర్వాత రెండు మూడేళ్లు అవి ఎక్కడా దొరకలేదు. అప్పుడు చెకుముకి రాయి ఉన్నవాళ్లు హాయిగా వేటాడుకున్నారు. అందుకే మొదటిది పెర్కషన్ కొని, రెండు డబ్బాల క్యాప్‌లు అదనంగా దాచుకోమంటాను. రెండో తుపాకీ కొనేనాటికి ఫ్లింట్ మీద మనసు ఎలాగూ పోతుంది.

మందు గురించి. చిన్న బోరుకు నా ఎంపిక మూడు ఎఫ్‌ల అసలైన బ్లాక్ పౌడర్. గోయెక్స్ బ్రాండు సులువుగా దొరికితే అది, స్విస్ బ్రాండు దొరికితే ఇంకా మంచిది, మసి మెత్తగా ఉంటుంది. స్విస్ శక్తి ఎక్కువ కాబట్టి గోయెక్స్ లోడుకన్నా కొంచెం తగ్గించి మొదలుపెట్టండి. ట్రిపుల్ సెవెన్ అనే ప్రత్యామ్నాయ మందులో గంధకం లేదు, కంపు లేదు, నీళ్లతో ఇట్టే పోతుంది. కానీ గుండు కూర్చున్న చోట గట్టి ఉంగరంలా మసి పేరుకుంటుంది. 50 కాలిబర్లో అది చిరాకు, 32లో అది గోడ. దాని శక్తి కూడా ఎక్కువ, బ్లాక్ పౌడర్ కొలతను అలాగే పోయకూడదు. దగ్గరి షాపులో బ్లాక్ పౌడర్ దొరకకపోతే నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేయండి, ప్రమాదకర సరుకు అని వేసే అదనపు ఛార్జీ పంచుకోవచ్చు.

మార్కెట్లో ఉన్నవి

కొత్తవాటిలో తక్కువ ధరకు వచ్చేది ట్రెడిషన్స్ వాళ్ల క్రాకెట్ రైఫిల్, 32 పెర్కషన్. చూడ్డానికి పొందికగా ఉంటుంది, గురి బాగుంటుంది. ఇలాంటి ఫ్యాక్టరీ రైఫిళ్లలో చాలావాటికి మందు కూర్చునే చోట గొట్టం ఇంకా సన్నబడుతుంది. ఆ సందులో మసి, నూనె కలిసి ముద్దయితే క్యాప్ పేలుతుంది గానీ మందు అంటుకోదు. ట్వెంటీటూ బ్రష్ ఒకటి కొని ఆ సందును ప్రతిసారీ విడిగా శుభ్రం చేస్తే ఈ బాధ ఉండదు. ఇటలీలోని పెడర్‌సోలి వాళ్లవి పొడుగు గొట్టాలు, పనితనం మెరుగు, ధర కూడా ఎక్కువ.

నా మనసు మాత్రం కిబ్లర్ వాళ్ల సదరన్ మౌంటెన్ రైఫిల్ కిట్ మీదే. ఫ్లింట్‌లాక్, 32, 36, 40 లలో వస్తుంది. చెక్క మీద దాదాపు చెక్కే పనంతా యంత్రం చేసేసి ఇస్తుంది, మనం ఇసుక కాగితం పట్టి, రంగు వేసి, బిగించుకోవాలి. టెనెస్సీ, నార్త్ కరోలినా కొండల్లో 19వ శతాబ్దపు రైతులు వాడిన రైఫిళ్ల తీరే ఇది. సన్నటి నడుం, ఇనుప అమరికలు, పొడుగాటి గొట్టం. పెద్ద జంతువులు తగ్గిపోయాక ఉడుతలు, కుందేళ్లు వాళ్ల కూరకుండలోకి వచ్చాయి, కాలిబర్ కూడా దానికి తగ్గట్టు చిన్నదైంది. ఇదే కాలంలో మా సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు పడమటి మైదానాల కోసం బరువైన, పెద్ద బోరు రైఫిళ్లు చేసేవారు. ఎవరి అడవికి తగ్గ తుపాకీ వాళ్లది.

ఆ కొండవాళ్ల గురి ఎంతటిదంటే, పక్షుల బొమ్మల ఆడుబన్ కెంటకీలో పేరున్న వేటగాడు డేనియల్ బూన్‌తో వేటకు వెళ్లిన సంగతి రాస్తూ, బూన్ ఉడుతను కాకుండా దాని కడుపు కింద బెరడును కొట్టేవాడని, ఆ అదురుకే ఉడుత చచ్చి పడేదని చెప్పారు. మీరు మాత్రం తలకే గురిపెట్టండి. కొమ్మ మీద ఉడుతకు వెనక చెట్టు మాను ఉండాలి, వట్టి ఆకాశం ఉంటే పేల్చకండి. చిన్న గుండు తొందరగా వేగం కోల్పోతుంది, అయినా ఎవరి ఇంటి మీదో పడితే గాయం చేస్తుంది.

మొదటిసారి ఉడుతను కొట్టి ఫోన్లో చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాముడి వేళ్ల గుర్తులుంటాయా నాన్నా వాటికి?" అని అడిగింది. ఇక్కడి బూడిదరంగు ఉడుతకు వీపు మీద చారలు లేవని చెప్పాను. "ఉన్నదాన్ని కొట్టకు" అంది. ఇక్కడ చారలున్న చిప్‌మంక్ కనబడినప్పుడల్లా తుపాకీ కిందికి దించుతాను. కొట్టినదాన్ని వృథా చేయకూడదన్న నియమం కూడా ఆ రోజే పెట్టుకున్నాను. ముదురు ఫాక్స్ స్క్విరెల్ అయితే కుక్కర్లో మామూలు కన్నా రెండింతలు విజిల్స్ రానివ్వండి, నాటుకోడి మసాలా సరిగ్గా సరిపోతుంది. గుండు తగిలిన చోట మాంసం విశాలంగా కోసి పారేయండి, సీసం తునకలు ఉంటాయి.

ఇంటికొచ్చాక

శుభ్రం చేయడం అదే రోజు రాత్రి పడుకునేలోపు అయిపోవాలి. బ్లాక్ పౌడర్ మసి గాల్లో తేమను పీల్చుకుంటుంది, మిస్సోరి ఆగస్టులో తెల్లారేసరికి గొట్టంలో ఎర్రటి తుప్పు కనబడుతుంది. ముందు కడ్డీ మీది గాటుతో గొట్టం ఖాళీ అని తేల్చుకోండి. గొట్టం కర్ర నుంచి ఊడొచ్చే హుక్ బ్రీచ్ రకమైతే అడుగు భాగాన్ని బకెట్‌లో పెట్టి, కడ్డీకి గుడ్డ చుట్టి పంపులా లాగుతూ తోస్తే నీళ్లే మసిని లాక్కొస్తాయి. గొట్టం పిన్నులతో బిగించిన రకమైతే ఊడదీయకండి. పక్క రంధ్రంలో టూత్‌పిక్ గుచ్చి, మూతి నుంచి నీళ్లు పోసి, ఊపి, వంచేయండి. నాలుగైదు సార్లు. చల్లటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. మరిగే నీళ్లు పోయమని పాతవాళ్లు చెబుతారు, కానీ వేడి ఇనుము మీద తడి ఆరేలోపే సన్నటి తుప్పు పొర కడుతుంది, నాకు రెండుసార్లు జరిగింది. తర్వాత గుడ్డ పొడిగా వచ్చేదాకా తుడిచి, పల్చగా నూనె. రెండు రోజుల తర్వాత మళ్లీ ఒక గుడ్డ దూర్చి చూడండి, గోధుమ రంగు వస్తే ఇంకోసారి. వేటకు వెళ్లే పొద్దున ఆ నూనెను తుడిచి, ఉత్త క్యాప్ ఒకటి పేల్చి దారి తెరుచుకుందని చూసుకున్నాకే మందు పోయాలి.

వేటలో ప్యాచ్‌కు ఉమ్మి చాలని కొందరంటారు. రేంజ్‌లో వెంటవెంటనే పేల్చేటప్పుడు అది బాగుంటుంది. తుపాకీ నింపి గంటసేపు చెట్టు కింద కూర్చునేటప్పుడు ఉమ్మి ఆరిపోతుంది, లోపల తుప్పు మొదలవుతుంది. గొర్రె కొవ్వులో కొంచెం తేనెమైనం కలిపి రాసిన ప్యాచ్ ఆ పనికి మంచిది. ప్యాచ్‌కు అచ్చమైన నూలు దిండు గుడ్డ వాడండి, ఇక్కడ పిల్లో టికింగ్ అంటారు, పాలిస్టర్ కలిసింది కాదు. పాలిస్టర్ కరిగి గొట్టానికి అంటుకుంటుంది.

సెకండ్‌హ్యాండ్ చూస్తుంటే థామ్సన్ సెంటర్ వాళ్ల పాత సెనెకా 36లో దొరికితే వదలొద్దు. ఇప్పుడు తయారుకావడం లేదు, గొట్టం ఇట్టే ఊడుతుంది, చిన్న వేటకు చేతికి ఇమిడిపోతుంది. వెళ్లేటప్పుడు గొట్టం లోపల చూసే చిన్న బోర్ లైటు, కడ్డీ కొనకు బిగించి గుడ్డ పట్టించే జాగ్, నాలుగు గుడ్డముక్కలు తీసుకెళ్లండి. మొదట కడ్డీ దింపి బయట గొట్టం పక్కన పెట్టి పోల్చండి, చాలా పాత తుపాకుల్లో ఎవరో కూరి మర్చిపోయిన గుండు ఉంటుంది. ఖాళీ అని తేలాక బిగుతు గుడ్డను అడుగు నుంచి మూతి దాకా నెమ్మదిగా లాగండి. ఒకచోట గుడ్డ ఉన్నట్టుండి వదులైతే అక్కడ గొట్టం ఉబ్బిందని అర్థం, మునుపటి యజమాని సగంలో ఆగిన గుండును పేల్చాడు. అది ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి.